‘డి మొనేటా’: రాజు బొమ్మ ఉన్న నాణెం ఎవరిది? రెండుసార్లు కొన్న ఒక పుస్తకం గురించి

నికోల్ ఒరెమ్ 14వ శతాబ్దం నడుమ లాటిన్‌లో రాసిన ‘డి మొనేటా’ అనే చిన్న గ్రంథాన్ని నేను రెండుసార్లు కొనవలసి వచ్చింది. నాణేల మీద రాజుకు ఉన్న హక్కు ఎంతవరకు అన్న ప్రశ్నకు అరిస్టాటిల్ మాటల ఆసరాతో జవాబు చెప్పిన గ్రంథం ఇది. మూల లాటిన్ పాఠాన్నీ చార్లెస్ జాన్సన్ ఆంగ్లానువాదాన్నీ కలిపి 1956లో థామస్ నెల్సన్ సంస్థ ఒక కూర్పు ప్రచురించింది. ఎడమ పేజీలో లాటిన్, కుడి పేజీలో దాని అనువాదం, వెనుక భాగంలో ఇంగ్లండు టంకశాలకు సంబంధించిన కొన్ని పాత పత్రాలు, ఇదీ ఆ కూర్పు అమరిక. ఈ సమీక్ష ఆ కూర్పు గురించే అయినా, దాని పునర్ముద్రణ పేరుతో నాకు మొదట అంటగట్టిన ప్రతి గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు.

ఆర్డరు వచ్చాక అచ్చువేసి పంపే రకం పునర్ముద్రణ అది. కాగితం తెల్లగా ఉంది, అట్ట గట్టిగా ఉంది, అక్షరాలు కూడా ఫరవాలేదు. లోపమల్లా ముందు భాగంలో ఎవరో ఒక ఖాళీ పేజీ అదనంగా చేర్చడమే. దానితో పుస్తకమంతా ఒక పేజీ పక్కకు జరిగి, లాటిన్ పేజీ కుడివైపుకు, దాని అనువాదం అదే కాగితం వెనుకకు పోయాయి. ఎదురెదురుగా చూసుకొని చదవడానికే పుట్టిన పుస్తకంలో ప్రతి వాక్యానికీ కాగితం తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, వేలు అడ్డం పెట్టుకొని చదవవలసి వచ్చింది. వారం రోజులు ఓపిక పట్టి తిరిగి పంపాను. రవాణా ఖర్చు మినహాయించుకొని మిగతా సొమ్ము వాపసు ఇచ్చారు. ఆ తరువాత పాత పుస్తకాల వ్యాపారి ఒకరి దగ్గర 1956 నాటి ప్రతి దొరికింది. అంచులు పసుపెక్కాయి, ఏదో గ్రంథాలయం వదిలించుకున్నట్టు లోపల ముద్ర ఉంది, అయినా పేజీలు మాత్రం ఒకదాని ముఖం ఒకటి చూస్తున్నాయి. కొనదలచినవారు పునర్ముద్రణలను దూరం పెట్టాలని నేను అనడం లేదు. లోపలి పేజీల నమూనా చూసి, లాటిన్ ఎడమవైపున ఉన్నదని రూఢి చేసుకున్నాకే డబ్బు చెల్లించాలంటున్నాను.

ఒరెమ్ నార్మండీ ప్రాంతంవాడు. పారిస్‌లోని నవార్ కళాశాలలో చదివి, 1356లో దానికే అధిపతి అయ్యాడు. 1377లో లిజియూ పీఠానికి బిషప్ అయి 1382లో మరణించాడు. గణితం, ఖగోళం, వేదాంతం అన్నింటిలోనూ చేయి తిరిగిన పండితుడు. ఐదో చార్లెస్ రాజు కోరిక మీద అరిస్టాటిల్ ‘ఎథిక్స్’, ‘పాలిటిక్స్’ గ్రంథాలను ఫ్రెంచిలోకి తెచ్చింది కూడా ఇతడే, కాని అది 1370 తరువాతి మాట. ‘డి మొనేటా’ అంతకు ముందే, 1350ల రెండో సగంలో పుట్టింది. ఆ కాలం ఎటువంటిదో తెలియకుండా ఈ పుస్తకం తెరిస్తే ఇరవై ఆరు అధ్యాయాల పొడి తర్కంలా కనిపిస్తుంది. ఫ్రాన్సుకు ఇంగ్లండుతో యుద్ధం నడుస్తున్నది, ఖజానాలో డబ్బు లేదు, రెండో జాన్ రాజు ఏళ్ల తరబడి పదుల సార్లు నాణేల బరువునూ వన్నెనూ మార్చి ఆ తేడాను తన ఖాతాలో వేసుకున్నాడు. 1355 చివర ప్రతినిధుల సభ పన్నులు ఇవ్వడానికి ఒప్పుకున్నది నాణెం నిలకడగా ఉంచాలన్న షరతు మీదనే. మరుసటి ఏడే పొయిటీర్స్ యుద్ధంలో రాజు శత్రువులకు బందీగా చిక్కాడు.

పుస్తకంలోకి వెళ్లే ముందు రెండు చోట్ల అరిస్టాటిల్‌ను చదువుకొని రమ్మని నా సలహా. జాన్సన్ కూర్పు ఆ పని మన తరఫున చేసిపెట్టదు. మొదటిది ‘పాలిటిక్స్’ మొదటి భాగంలో 8 నుంచి 11 వరకు ఉన్న అధ్యాయాలు. చెప్పుకు రెండు ఉపయోగాలున్నాయని, తొడుక్కోవడం ఒకటైతే ఇచ్చి మరొకటి పుచ్చుకోవడం రెండోదని అరిస్టాటిల్ అక్కడే అంటాడు. ఇల్లు గడుపుకోవడానికి కావలసిన సంపదకు ఒక హద్దు ఉంటుందని, డబ్బు కోసం డబ్బు కూడబెట్టే విద్యకు హద్దే లేదని, ముట్టుకున్నదల్లా బంగారమైన మైడాస్ ఆకలితో మాడవలసి వచ్చిందని చెప్పేదీ అక్కడే. రెండోది ‘నికోమాకియన్ ఎథిక్స్’ అయిదో భాగం, 5వ అధ్యాయం. ఇల్లు కట్టేవాడికీ చెప్పులు కుట్టేవాడికీ మారకం జరగాలంటే ఎన్ని జతల చెప్పులు ఒక ఇంటికి సమానమో తేలాలి. నిజానికి వారిద్దరినీ కలిపేది అవసరమే అయినా, ఆ అవసరానికి ప్రతినిధిగా అందరి ఒప్పందం మీద డబ్బు నిలుస్తుంది. గ్రీకులో నాణేనికి ‘నొమిస్మా’ అని పేరు. అది చట్టం, కట్టుబాటు అనే అర్థమున్న ‘నొమోస్’ నుంచి వచ్చిందని, డబ్బు ప్రకృతి వల్ల కాక కట్టుబాటు వల్ల ఏర్పడిందని, అందుకే దానిని మార్చడమూ పనికిరాకుండా చేయడమూ మన చేతిలో ఉన్నాయని అరిస్టాటిల్ అంటాడు.

‘మన చేతిలో’ అన్నాడే, ఆ ‘మనం’ ఎవరు? నేను ఈ పుస్తకాన్ని చదివినంత సేపూ నా వెంట ఉన్న ప్రశ్న ఇదొక్కటే. గ్రీకు నగరంలో ఆ మాటకు పౌరుల సమూహం అని అర్థం చేసుకోవడం సహజం. ఏథెన్సులో పౌరసత్వం లేని పరదేశిగా బతికిన అరిస్టాటిల్ ఆ మాట అనడం వేరే సంగతి. అదే వాక్యం 1350ల పారిస్‌కు వచ్చేసరికి, కట్టుబాటు చేసేవాడు రాజు, నాణెం మీద ఉన్న బొమ్మ రాజుది, కనుక దానిని మార్చే అధికారం కూడా రాజుదేనని తేలికగా చెప్పుకోవచ్చు. ఒరెమ్ చేసిన పని ఆ వెసులుబాటును మూసివేయడం.

అరిస్టాటిల్ పారిస్ దాకా ఎలా వచ్చాడో కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ‘ఎథిక్స్’ మొత్తాన్ని రాబర్ట్ గ్రోస్‌టెస్ట్ 1240లలో లాటిన్‌లోకి తెచ్చాడు. ‘పాలిటిక్స్’ను విలియం ఆఫ్ మోర్బెకె 1260 ప్రాంతంలో తెచ్చాడు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1179లో చర్చి పెద్దలు జరిపిన మూడో లాటరన్ సభ పేరుమోసిన వడ్డీ వ్యాపారులకు క్రైస్తవ విధిలో ఖననం కూడా లేకుండా చేసింది. అంటే నిషేధం బైబిల్ నుంచీ చర్చి నుంచీ ముందే వచ్చింది, దానికి కారణం చెప్పే తర్కాన్ని మాత్రం గ్రీకు గ్రంథాలు తరువాత అందించాయి. 13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వైనస్ ఆ తర్కాన్ని ద్రాక్షసారాయి ఉదాహరణతో పదును పెట్టాడు: సారాయిని వాడడమంటే తాగేయడమే గనుక, సారాయికి ఒక ధర, దాని వాడకానికి మరో ధర తీసుకునేవాడు ఒకే వస్తువును రెండుసార్లు అమ్ముతున్నట్టు, డబ్బూ అంతే. ప్లేటో సంగతి వేరు. స్వదేశంలో మాత్రమే చెల్లే నాణెం ఉండాలని, వడ్డీకి అప్పులు ఇవ్వకూడదని అతడు ‘లాస్’లో రాసినా, ఆ గ్రంథం లాటిన్‌లో 15వ శతాబ్దం దాకా లేదు. కాబట్టి మధ్యయుగపు డబ్బు చర్చలో గ్రీకు తత్వం అంటే ఆచరణలో అరిస్టాటిల్ ఒక్కడే.

పుస్తకానికి గుండెకాయ ఆరో అధ్యాయం. దాని శీర్షికే ‘నాణెం ఎవరిది?’ అన్న ప్రశ్న. నాణెం మీద ముద్ర వేసే పని రాజుదే, ఎందుకంటే సమాజంలో అందరి నమ్మకమూ ఉన్న వ్యక్తి అతడే; అయితే ముద్ర వేసినంత మాత్రాన నాణెం అతనిది కాదు. రొట్టె ఇచ్చో, ఒళ్లు వంచి పనిచేసో ఒకడు నాణెం తీసుకున్నాడంటే, రొట్టె అతనిది ఎలా అయిందో, చెమట అతనిది ఎలా అయిందో నాణెమూ అలాగే అతనిది. ‘సీజరువి సీజరుకు చెల్లించండి’ అన్న క్రీస్తు మాటను ఎదుటివారు తెస్తారని ఒరెమ్‌కు తెలుసు. నాణెం మీద సీజరు బొమ్మ ఉన్నందువల్ల కాదు, అది కట్టవలసిన పన్ను అయినందువల్ల ఆ మాట చెల్లుతుందని జవాబిస్తాడు. ఈ రెండు పేజీలను ఎదురెదురుగా పెట్టుకొని చదవడంలో ఉన్న సుఖమే వేరు. లాటిన్ రానివారు కూడా ‘కమ్యూనిటాస్’ (సమాజం) అన్న మాట ఎన్నిసార్లు తిరిగి తిరిగి వస్తున్నదో కళ్లతో చూడవచ్చు. అరిస్టాటిల్ వదిలిపెట్టిన ‘మనం’ అన్న ఖాళీలో ఒరెమ్ కూర్చోబెట్టిన మాట అదే.

నాణెం మార్పు అంటే ఏమిటో బంగారం పని తెలిసిన ఇళ్లవారికి వివరించనక్కర లేదు. కంసాలి తరుగు, మజూరీ తీసుకుంటాడు. అది ముందే చెప్పిన లెక్క. ఒరెమ్ కూడా టంకశాల మజూరీని తప్పు పట్టడు. అరవై సొలిడస్‌ల విలువైన లోహంతో అరవై రెండు సొలిడస్‌ల నాణేలు ముద్రిస్తే, ఆ రెండూ పనివారి కూలికీ ఖర్చులకూ పోవచ్చునంటాడు. మోసం మొదలయ్యేది ఆ తరువాత. నేను వేసుకున్న లెక్క ఒకటి చెబుతాను. అరవై నాణేలు వచ్చే వెండికి రాజు రాగి కలిపి తొంభై చేయించాడనుకుందాం. పాతవి చెల్లవు, అందరూ తెచ్చి మార్చుకోవాలి, అరవైకి డెబ్బై ఐదు ఇస్తామని చాటింపు వేయించాడు. తెచ్చినవాడు డెబ్బై ఐదు లెక్కపెట్టుకొని మురిసిపోతాడు. వాటిలో ఉన్నది మాత్రం పాత యాభై నాణేల వెండే. మిగిలిన పదిహేను కొత్త నాణేలు రాజు ఖజానాలో పడతాయి. ఏడాదికి అరవై నాణేల శిస్తుకు పొలం కౌలుకిచ్చినవాడి చేతికి కూడా అరవై నాణేలే వస్తాయి, వాటిలో ఉండేది పాత నలభై నాణేల వెండి. ఎవరి ఇంటికీ కన్నం పడలేదు, ఎవరి మీదా కొత్త పన్ను వేయలేదు. స్థిరమైన రాబడి మీద బతికేవారు ముందు దెబ్బతింటారని, మార్పు సంగతి ముందే పసిగట్టిన మారకపు వ్యాపారులు లాభపడతారని ఒరెమ్ 21వ అధ్యాయంలో చెప్పింది ఇదే.

నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపినవి 15, 16, 17 అధ్యాయాలు. డబ్బు నుంచి డబ్బు తీసే దారులు మూడు అంటాడు ఒరెమ్. నాణేల మారకపు వ్యాపారం నీచం, వడ్డీ చెడ్డది, నాణెం మార్చి లాభం తీయడం వడ్డీ కంటే చెడ్డది. వడ్డీ వ్యాపారి కనీసం తనంతట తాను వచ్చి అడిగినవాడికే అప్పిస్తాడు, ఆ సొమ్ముతో అతని అవసరం తీరుతుంది. రాజు మాత్రం ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా మంచి నాణెం లాక్కొని చెడ్డది చేతిలో పెడతాడు. అరిస్టాటిల్ మొదటి రెండింటినీ చెప్పి మూడోదాన్ని ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు, అతని కాలానికి ఇంత దుర్మార్గం ఇంకా ఎవరికీ తట్టలేదని ఒరెమ్ ఇచ్చిన సమాధానం చదివి నేను గట్టిగా నవ్వాను. గురువును తప్పు పట్టకుండానే గురువును దాటిపోయే ఉపాయం అది.

ఈ వాదనకు పునాది వడ్డీ ప్రకృతి విరుద్ధమన్న గ్రీకు భావన. గ్రీకులో వడ్డీని ‘టోకోస్’ అంటారు, సంతానానికి కూడా అదే మాట. డబ్బు కన్న డబ్బు గనుక ధనార్జనలన్నిటిలోనూ ఇది ప్రకృతికి అత్యంత విరుద్ధమైనదని అరిస్టాటిల్ ముఖం చిట్లించాడు. మన ‘వడ్డీ’ కూడా ‘వృద్ధి’ నుంచి పుట్టిన మాటే. పోలిక అదే అయినా, మనవడిని చంకనెత్తుకున్న మన మామ్మకు అందులో రోత ఏమీ కనిపించదు. ‘అసలు కంటే వడ్డీ ముద్దు’ అంటుంది. అరిస్టాటిల్‌కు అసహ్యం పుట్టించిన ఉపమానమే తెలుగింట్లో మురిపెం అయింది.

ఇక్కడ ఒరెమ్ మీద నాకొక ఫిర్యాదు ఉంది. డబ్బు గొడ్డుబోతు వస్తువని, గొడ్డుబోతు వస్తువు ఈనడం వింత అని అతడు 16వ అధ్యాయంలో రాసేటప్పుడు అదంతా అరిస్టాటిల్ మాటే అన్నట్టు సాగుతుంది. నిజానికి ‘పాలిటిక్స్’లో ఉన్నది, మారకం కోసం పుట్టిన సాధనాన్ని దాని ప్రయోజనం వదిలేసి దాని పెంపకానికే వాడుతున్నారన్న అభ్యంతరం. డబ్బుకు గొడ్డుతనం అంటగట్టింది మధ్యయుగపు వ్యాఖ్యాతల చేర్పు. తేడా చిన్నది కాదు. మొదటిది ఒక వస్తువును దేనికి వాడాలన్న విచారం, రెండోది ఆ వస్తువు స్వభావం గురించిన తీర్పు. జాన్సన్ కూర్పు ఒరెమ్ ఉదహరించిన చోట్లు చూపిస్తుంది గాని ఇటువంటి జారుబాటు దగ్గర పాఠకుణ్ణి ఆపదు. అందుకే ముందు అరిస్టాటిల్‌ను చదువుకొని రమ్మన్నాను.

మంచి నాణెం దేశం దాటిపోయి చెడ్డదే మిగులుతుందన్న సంగతిని ఒరెమ్ 20వ అధ్యాయంలో చెబుతాడు. బంగారమూ వెండీ తమకు ఎక్కువ విలువ ఉన్న చోటికి వెళ్లిపోతాయి, పరదేశపు వర్తకులు మంచి సరుకు తేవడం మానేస్తారు. 16వ శతాబ్దపు ఇంగ్లండు వర్తకుడు గ్రెషమ్ పేరు మీద చలామణి అవుతున్న సూత్రం ఇది, ఆ పేరు పెట్టింది కూడా 19వ శతాబ్దంలోనే. ఒరెమ్ కంటే ముందు, క్రీ.పూ. 405 నాటి ‘కప్పలు’ నాటకంలో అరిస్టోఫనీస్ ఏథెన్సు మంచి పౌరులను మంచి నాణేలతో పోల్చి, రెండింటినీ పక్కన పెట్టి నాసిరకం వాటినే వాడుతున్నామని వెక్కిరించాడు.

25వ అధ్యాయంలో ‘పాలిటిక్స్’ అయిదో భాగం నుంచి శరీరం ఉపమానం వస్తుంది. ఒక్క అవయవమే అతిగా పెరిగితే శరీరం వికారమై చివరకు నశిస్తుంది. అరిస్టాటిల్ దానిని నగరంలో ఏదో ఒక వర్గం అతిగా పెరగడం గురించి చెప్పాడు. ఒరెమ్ దానిని రాజు చేతిలో సంపద పోగుపడడానికి తిప్పుకున్నాడు. రాజోద్యోగానికి దగ్గరలో మసలే చర్చి పండితుడు, రాజ్యం నిరంకుశం అయితే నిలవదని, ఆ నష్టం రాజు సంతానానికే తగులుతుందని ఇంత నిబ్బరంగా రాయడం చూస్తే, అతనికి అరిస్టాటిల్ అధికారం ఎంత ధైర్యమిచ్చిందో తెలుస్తుంది.

అనువాదం విషయానికి వస్తే, జాన్సన్ ఇంగ్లిష్ తేటగా, వంకర లేకుండా ఉంది. ఒరెమ్ లాటిన్ కూడా విద్యాపీఠపు లాటిన్ గనుక వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వెతుక్కోవలసిన పని లేదు. నాణేనికి లాటిన్ మాట ‘మొనేటా’ హెచ్చరించడం అనే అర్థమున్న ‘మొనేయో’ నుంచి వచ్చిందని, లోహంలోనూ తూకంలోనూ మోసం ఉండరాదని నాణెమే హెచ్చరిస్తుందని ఒరెమ్ చెప్పేచోట మూలం పక్కన లేకపోతే ఆ శ్లేష అందదు. గ్రీకు మాటలో కట్టుబాటు ఉంది, లాటిన్ మాటలో హెచ్చరిక ఉంది. ఒరెమ్ ఈ రెండింటినీ వాడుకున్నాడు. చివర ఉన్న ఇంగ్లండు టంకశాల పత్రాలు వేరే ఆసక్తి ఉన్నవారికి. వెండి వన్నె, తూకం, ఖర్చులు తెలుసుకోవాలనుకునే నాణేల సేకర్తలకు అవి ముఖ్యం కావచ్చు. నేను ఒకసారి తిరగేసి వదిలేశాను. తత్వచర్చ కోసం కొనేవారు మొదటి సగానికే ధర చెల్లిస్తున్నామని అనుకొని కొనుక్కోవడం మంచిది.

నా పాత ప్రతిలో నాకంటే ముందు చదివినవారెవరో పెన్సిలుతో ఒకే ఒక్క చోట గుర్తు పెట్టారు. అది 22వ అధ్యాయం. రాజుకు లేని హక్కు సమాజానికి ఉందా అన్న ప్రశ్నకు ఒరెమ్ ఉందనే అంటాడు. యుద్ధానికో, బందీ అయిన రాజును విడిపించడానికో పెద్ద మొత్తం వెంటనే కావలసి వస్తే, సమాజం తన నాణేన్ని తానే మార్చుకొని ఆ సొమ్ము రాబట్టుకోవచ్చు. నాణెం దానిది గనుక నష్టం భరించే హక్కూ దానిదే. రాజు బందీ అయ్యాడన్న మాట పక్కన ఆ పాఠకుడు ప్రశ్నార్థకం గీశాడు. ఆ ప్రశ్న నాకూ కలిగింది. జాన్ రాజును విడిపించడానికి ముప్పై లక్షల బంగారు ఎక్యూలకు బేరం కుదిరింది. 1360 డిసెంబరు 5న ఆ సొమ్ము కోసం ఉప్పు మీద, సారాయి మీద, సరుకుల మీద పన్నులు వేశారు. నాణేన్ని మాత్రం పలచన చేయలేదు. అదే రోజు ఆజ్ఞతో మంచి బంగారంతో కొత్త నాణెం ఒకటి పుట్టింది, దాని పేరు ఫ్రాంకు. ఒరెమ్ అనుమతించిన దారి ఎదురుగా ఉన్నా ఆ పూట ఎవరూ అటు వెళ్లలేదు.